పెదవులు కదిలిన మాట నిజం

“ఆ ఒక్క మాట వదిలెయ్ అన్నయ్యా. మిగతాదంతా నీ ఇష్టం.”

“ఆ ఒక్క మాట కోసమే కదా రేపు కూడిక పెట్టింది. అది తీసేస్తే ఇంకేం చెప్పమంటావు? నాన్న త్రాసులు బాగా చేసేవాడనా?”

“చెప్పు. అబద్ధం కాదుగా.”

అన్న చేతిలోని టీ మీద మీగడ కట్టింది. అతను తాగనూ లేదు, కప్పు కింద పెట్టనూ లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైన గొడవ గిన్నెలు కడుగుతున్నప్పుడూ సాగింది, తుడుస్తున్నప్పుడూ సాగింది. ఇప్పుడు తల్లి వంటింటి బల్ల మీద బఠాణీలు ఒలుచుకుంటుంటే ఆ తొక్కల మధ్యకి వచ్చి కూర్చుంది.

తండ్రి పోయి రేపటికి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు స్వయానా కొడుకే కాబట్టి ఏం చెప్పాలన్నది అతని చేతిలో ఉంది. చెప్పబోయేదేమిటో ఇంట్లో అందరికీ తెలుసు: సగం జీవితం చర్చి గడప తొక్కని మనిషి చివరి రోజుల్లో, ఆసుపత్రి మంచం మీద, దేవుడి దగ్గరికి తిరిగొచ్చాడు.

“నేను కళ్లారా చూశాను,” అన్నాడు అన్న. “అమ్మ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తోంది. నాన్న పెదవులు కదులుతున్నాయి. ఏదో ఒకరోజు కాదు, నేను వెళ్లిన ప్రతి సాయంత్రం. తలుపు దగ్గరే నిలబడిపోయాను, లోపలికి వస్తే ఆపేస్తాడేమోనని.”

“పెదవులు కదిలితే? దాహం వేసిందేమో.”

“వెటకారం వద్దు చిన్నదానా.”

నలభై దాటినా ఆ ఇంట్లో ఆమె చిన్నదే. బజారులో మాత్రం త్రాసులమ్మ. వీధి వైపున్న ముందుగదిలో తండ్రి పనిబల్లా, ఇత్తడి తూకపురాళ్లూ, వేలి చెమట తగలకుండా ఆ రాళ్లను పట్టుకునే చిన్న చిమటా ఆమె చేతికొచ్చాయి. చేపలవాళ్లూ కూరగాయలవాళ్లూ బంగారం కొట్లవాళ్లూ ఎవరి త్రాసు మొరాయించినా ఆ గదికే తెస్తారు. రేపు పొద్దున ఆమె షట్టరు తెరిచి, ఎవరు ఏ త్రాసు తెచ్చినా ఊరికే సరిచూసి ఇవ్వబోతోంది. తండ్రి రోజున ఏటా అదే చెయ్యాలని ఆమె పట్టు.

“నన్నంటున్నావు, మరి నువ్వు చేసేదేంటి?” అన్నాడు అన్న. “నాన్నని తలుచుకుంటూ నాన్న పని చెయ్యడం. ఎక్కడ నేర్చుకున్నావు ఇది? చర్చిలో మా ప్రభువు బల్ల దగ్గరేగా! ఊరికే తలుచుకుని కూర్చోకండి, కలిసి చేసి చూపించండి అని మాకు చెప్పినాయన ఎవరు?”

“అక్కడే నేర్చుకున్నాను. కాదన్నానా?” చిన్నది తడిగుడ్డ పిండి కిటికీ కడ్డీ మీద ఆరేసింది. “మంచి పద్ధతి. పోయినవాళ్లు చేసింది నలుగురూ కూడి మళ్లీ చెయ్యడం. దానంత మంచి జ్ఞాపకం ఇంకోటి లేదు. అందుకే తీసుకున్నాను. పైనున్నాయన్ని మాత్రం మీకే వదిలేశాను.”

“పాలు పారబోసి గిన్నె పట్టుకుపోయావు.”

“గిన్నె గట్టిది అన్నయ్యా. నీళ్లు పోసినా నిలుస్తాయి.”

పొయ్యి దగ్గరున్న వదిన ఫక్కున నవ్వి, మొగుడి మొహం చూసి నవ్వు దగ్గులోకి మార్చుకుంది.

“నీకు తేలికే,” అన్నాడు అన్న. ఈసారి గొంతులో పాస్టరు లేడు. “పోయినవాడు పోయాడనుకుంటావు. నేను వారం వారం ఎవరిదో ఒకరి శవపెట్టె పక్కన నిలబడి, భయపడకండి, మీవాణ్ణి మళ్లీ చూస్తారు అని చెప్తాను. ఇంటికొచ్చాక మా నాన్న గురించి ఆ మాట నాకు నేను చెప్పుకోలేను. ఆ పెదవులు కదలడం తప్ప నా చేతిలో ఇంకేం లేదే.”

వాదన ఎన్నిసార్లు తిప్పినా ఈ మూల చిన్నదానికి కనపడలేదు. అన్నకి గొప్ప కావాలనుకుంది. సంఘంలో పేరు కావాలనుకుంది. అతనికి కావలసింది తండ్రి.

బఠాణీలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగిపోయింది.

“ఆయన ప్రార్థన చెయ్యలేదురా,” అంది తల్లి.

మధ్యాహ్నం నుంచి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

“మరేం చేశాడు?”

“అందించాడు.”

“ఏం అందించాడు?”

“మాటలు. నాటకంలో తెరచాటున ఒకడు నిలబడి, ఆడేవాళ్లు తడబడితే మాట అందిస్తాడు చూడు. అలా. నేను మధ్యలో ఆగిపోతుంటే అందించాడు.”

వదిన పొయ్యి ఆర్పేసింది. “మీరు ఆగిపోవడమేంటి అత్తయ్యా? మీరా?”

ఆ ప్రశ్న ఎవరైనా అడిగేదే. చర్చిలో పాటల పుస్తకం ముట్టుకోని మనిషి ఆవిడ. ఏ పాటైనా, ఎన్నో చరణమైనా అడగడమే ఆలస్యం. ఆడవాళ్ల ప్రార్థన ఆవిడ ఎత్తితేనే మొదలవుతుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లకి అత్తలు ఆవిణ్ణి చూపించి, అలా ఉండాలి బుర్ర అంటే, అని చెప్పేవాళ్లు.

“నేనే. మీ మామగారు ఆసుపత్రిలో చేరకముందు నుంచే ఉంది. పాట సగంలో ఉంటాను, తరవాతి చరణం ఉండదు. అలమరలో చెయ్యి పెడితే ఖాళీ.”

“అందుకా ఏడాది నుంచి గొంతు బాగాలేదని నా చేత ఎత్తిస్తున్నారు! తేనె, వేడినీళ్లు అని నేను మీ వెంటపడి చచ్చానే!”

“తేనె బాగుంది,” అంది తల్లి.

అన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఏ ప్రార్థనమ్మా?”

“ఇంకేముంది, మా అమ్మ నేర్పిన సాయంత్రం ప్రార్థన. మీ ఇద్దరికీ నేర్పాను కదా, స్నానాలవగానే నిలబెట్టి. ఆయనకీ వచ్చు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో వింటే గోడలకీ వస్తుంది. నేను ఆగగానే కళ్లు మూసుకునే తరవాతి మాట అనేవాడు. నర్సుకి కూడా తెలియకుండా. నా పరువు కాపాడుతున్నాడు మరి.”

“మాట అందించాడు, సరే. లోపల కూడా అనుకున్నాడేమో. నీకెలా తెలుసు?”

“అడిగాను కాబట్టి తెలుసు. ఏమండీ, మారారా అని అడిగాను. నవ్వాడు. ‘చర్చి గేటు దాకా నీ సంచీ ఎన్నేళ్లు మోశాను? మోశానని సంచీ నాదైపోయిందా? ఇదీ అంతే’ అన్నాడు.”

చిన్నది గోడకి ఆనుకుంది. అచ్చం తండ్రి మాట. ఎవరూ కల్పించలేరు.

“ప్రార్థన చివర్లో ఉంటుంది గుర్తుందా,” తల్లి కొడుకు వైపే చూస్తూ అంది, “‘వెళ్లిపోయినవాళ్లని మళ్లీ చూస్తామని నమ్ముతున్నాం’ అని. ఎక్కువగా అక్కడే ఆగిపోయేదాన్ని. ఆయనకేమో ప్రాణం పోతోంది. అప్పుడు కూడా మెల్లగా, ముక్క తెగకుండా అందించేవాడు. ‘మళ్లీ చూస్తాం’ అని.”

“అమ్మా!” అన్న లేచి నిలబడ్డాడు. “నమ్మకుండా ఆ మాట ఎవడంటాడు, చావబోతూ?”

“నాకు కావాలని అన్నాడు.” తల్లి చేతిలోని తొక్కని ముక్కలు చేసింది. “ఒకటి రెండుసార్లు మర్చిపోకుండానే ఆగాను కూడా.”

“ఎందుకు?”

“ఎందుకేంట్రా? ఆయన నోట వినాలని.”

అన్న మళ్లీ కూర్చున్నాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. వదిన వచ్చి అతని ముందున్న చల్లారిన కప్పు తీసేసింది.

“ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నా మతిమరుపు కూడా చెప్పాలి కదా. అదొకటి. నీకు ఓదార్పుగా ఉందిలే, నీ లోపల పెట్టుకుంటావులే అనుకున్నాను. నలుగురిలో చాటిస్తావనుకోలేదు.”

“సంఘపెద్దలకి ఎప్పుడో చెప్పేశానమ్మా. రేపు అందరూ అది వినడానికే వస్తున్నారు. ఇప్పుడు కాదని ఏ మొహంతో అనను?”

“నువ్వెందుకు అనడం? నేనంటాను.”

మధ్యాహ్నం నుంచి పోట్లాడుతున్న చిన్నది చప్పున తల్లి పక్కకి వచ్చింది. రేపు ఆవిడ లేచి నిలబడి అదంతా చెప్తే ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ముందు వరసలో ఆవిడ చోటు పోతుంది. జాలిగా పలకరిస్తారు. మాట్లాడుతుంటే మధ్యలో ఆవిడ వాక్యాలు వాళ్లే పూర్తిచేస్తారు.

“వద్దమ్మా. అన్నయ్య చెప్పాలనుకున్నది చెప్పుకోనీ. నాన్నకి ఇప్పుడు పోయేదేముంది?”

తల్లి ఆమెను కింది నుంచి పైకి చూసింది.

“ఎవరివే నువ్వు? ఆయన కూతురివేనా? చేపలమ్మి త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకి ఉంటే, పర్లేదు మాస్టారూ ఇచ్చెయ్యండి, బేరం పోతోంది అని ఆమే బతిమాలింది. ఇచ్చాడా? విప్పి మళ్లీ చేశాడు. అలాంటివాడి మీద వేలు పెట్టి ముల్లు నడిమికి నొక్కేస్తావా? పోయేదేముందట! ఉన్నదంతా అదేగా ఆయనకి.”

“నీ గురించేనమ్మా నేను...”

“నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వూ తక్కువ తినలేదులే. మా నాన్నకి ప్రార్థనంటే నవ్వు అని బజారంతా చెప్తావు. ఎప్పుడు నవ్వాడు? నవ్వేవాడైతే నా ప్రార్థన కంఠస్థం చేసి కూర్చునేవాడా?”

చిన్నదానికి మొహం మండిపోయింది. చీవాట్లు తింటున్నా ఎందుకో వెన్ను నిటారుగా నిలబడింది. ఈ మనిషికా మతిమరుపు?

“రేపు నువ్వు లోపలికి రావాలి,” అంది తల్లి. “నా పక్కన నిలబడాలి.”

“నేను చర్చిలోకి రానని నీకు తెలుసు.”

“ప్రార్థన గుర్తుందా?”

“ఉంది.”

“అదృష్టవంతురాలివి,” అని తల్లి మళ్లీ బఠాణీల గిన్నె ముందుకి లాక్కుంది.

మర్నాడు పొద్దున షట్టరు పైకెత్తేసరికి చేపలమ్మి అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉంది. వెనకాల ఇద్దరు కూరగాయలవాళ్లు, ఒక స్వీట్ల కొట్టాయన, చంకలో పిల్లిని పట్టుకున్నట్టు త్రాసుల్ని పట్టుకుని.

“మాస్టారు లేరని దీనికి బద్ధకం వచ్చింది త్రాసులమ్మా. ఓ చూపు చూడు.”

చిన్నది పళ్లేలు విప్పి తుడిచింది. కాడ మధ్యలో కత్తిలాంటి అంచుకి పట్టిన తుప్పు గీకి, మళ్లీ తగిలించింది. ఖాళీ పళ్లేలతో ముల్లు అటూ ఇటూ ఊగింది. దాన్నలా వదిలెయ్యాలి. తొందరపడి వేలు తగిలించకూడదు. బజారంతా తన నోటికి జడిసే చేపలమ్మి కూడా ఆ కాసేపూ మాట్లాడకుండా చూసింది. ముల్లు నడిమికి వచ్చి నిలబడ్డాక, “ఊఁ, ఇది మాస్టారి చెయ్యే,” అంది.

చిన్నది త్రాసు ఆమె చేతికిచ్చింది. నాన్నని మళ్లీ చూస్తానా అని కదా అన్న బాధ. ఇదిగో, ఇంత దగ్గరగా ఉన్నాడు. కానీ ఇది అన్నకి చాలదు. తనకు చాలినంత మాత్రాన అతనికి కూడా చాలాలని ఎక్కడుంది?

తల్లి తయారై ముందుగదిలోకి వచ్చింది. చేతిలో సంచీ. “పద.”

“ఇంకా నలుగురు ఉన్నారమ్మా.”

“నువ్వెళ్లమ్మా,” అంది చేపలమ్మి, ఉన్నచోటే సర్దుకుని. “కొట్టు మేం చూసుకుంటాం. ఎవడైనా ఎత్తుకుపోయినా సరిగ్గా తూచే ఎత్తుకుపోతాడు, ఇక్కడివన్నీ అలాంటివేగా.”

చిన్నది సంచీ అందుకుంది. గోళ్లలో ఇత్తడి పాలిష్ నలుపు అలాగే ఉంది. చర్చి గేటు పక్కన ఆదివారాలు తండ్రి పేపరు చదువుకుంటూ కూర్చునే పిట్టగోడ రాగానే ఆమె కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

“నాన్న ఇక్కడిదాకే వచ్చేవాడు,” అంది.

“అప్పుడు నాకు లోపల అన్నీ గుర్తుండేవి. ఆయన రావలసిన పని లేకపోయింది.” తల్లి ఆమె మోచెయ్యి వదల్లేదు. “ఇప్పుడుంది. పద.”

కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో ఆడవాళ్లు తల్లికి చోటుంచారు, కూతుర్ని చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాటలయ్యాయి. అన్న లేచాడు. తండ్రి పని గురించి చెప్పాడు, కోపం గురించి చెప్పాడు, చెప్పులకి మేకు దిగినా పారెయ్యని పిసినారితనం గురించి చెప్పాడు. జనం నవ్వారు. తరవాత ఆసుపత్రి దగ్గరికి వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. వెనక వరసలో ఎవరో వినడానికి ముందుకి వంగారు.

“మిగతాది మా అమ్మ చెప్తారు,” అన్నాడు అన్న.

తల్లి లేచింది. ఆవిడ వెనకే, ఎందుకు లేచిందో తెలియకుండానే, చిన్నదీ లేచింది.

“మా ఆయన దేవుణ్ణి నమ్మలేదు,” అంది తల్లి మైకులో.

పక్క వరసలో ఒక సంఘపెద్ద చేతిలోని బైబిలు మూసేశాడు.

“పెదవులు కదిలిన మాట నిజం. మా అబ్బాయి చూసిందీ నిజమే. నేను ప్రార్థన మర్చిపోతుంటే ఆయన అందించాడు. నాకు మతిమరుపు పట్టుకుంది. ఏడాదిగా గొంతు బాగాలేదని మీకందరికీ అబద్ధం చెప్పాను, క్షమించండి.” ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. తల్లి ఆ అయ్యో వైపు తిరిగింది. “జాలి పడకండి. తాను నమ్మని మాటని, నేను నమ్ముతున్నానని, నా కోసం జాగ్రత్తగా పట్టుకున్నాడు. చివరి రోజు దాకా జారనివ్వలేదు. అలాంటి మొగుడు మీలో ఇంకెవరికైనా ఉంటే లేచి నిలబడండి, చూస్తాను.”

ఒక్కరూ లేవలేదు. వెనకాల ఒక ముసలాయన మాత్రం పెళ్లాం వైపు తిరిగి తల గోక్కున్నాడు. అన్న చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. చిన్నదానికి తల ఇంత ఎత్తున ఎప్పుడూ ఉన్నట్టు గుర్తు లేదు. ఇలాంటి ఇద్దరు కన్నారు మరి తనని.

“ఆయన రోజున ఆ ప్రార్థన నేనే చేస్తాను,” అని తల్లి కళ్లు మూసుకుంది.

పగలు చేసిన పని గురించి చెప్పింది. తిన్న అన్నం గురించి చెప్పింది. నిద్రపోబోతున్న పిల్లల గురించి చెప్పింది. ఒక్క మాట తప్పలేదు. “వెళ్లిపోయినవాళ్లని...” అంది, ఆగిపోయింది.

చిన్నది తల్లి మొహంలోకి చూసింది. మర్చిపోయిందో, కావాలని ఆగిందో ఎంత చూసినా తెలియలేదు. తరవాతి మాట ఆమెకు తెలుసు. వేదిక మీదున్న అన్నకీ తెలుసు. అతను నోరు తెరవలేదు.

“పాస్టరుగారూ,” పక్క వరసలోంచి సంఘపెద్ద లేచాడు. “మీ చెల్లెలుగారు అందించడానికి నిలబడినట్టున్నారు. ఏమనుకోకండి, అడగాలి కదా. ఈవిడ విశ్వాసురాలేనా?”

అన్న గొంతు సవరించుకున్నాడు. తల్లి కళ్లు తెరవకుండానే మైకులో జవాబిచ్చింది.

“కాదండీ. అందుకే దీన్ని తెచ్చుకున్నాను.”

సంఘమంతా పాస్టరు వైపు చూసింది. పాస్టరు చెల్లెలి వైపు చూశాడు.

“ఊఁ,” అంది తల్లి, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా. “చెప్పవే.”